20 వారాల ప్రెప్ కోచింగ్: స్టేజ్ ఎక్కించారు, దింపడం మర్చిపోయారు

ఆడవాళ్లని బాడీబిల్డింగ్ పోటీకి (షోకి) సిద్ధం చేసే ఈ ఆన్‌లైన్ ప్రెప్ కోచింగ్ ఎలా ఉందని చాలామంది అడుగుతున్నారు, ఇన్నాళ్లూ కావాలనే రాయలేదు. షో అయిన వారంలో రాసే రివ్యూల మీద నాకు నమ్మకం లేదు. మెడల్ వచ్చినవాళ్లు కోచ్‌ని దేవుడంటారు, రానివాళ్లు దొంగంటారు. నాకు తొమ్మిదిమందిలో నాలుగో స్థానం వచ్చింది కాబట్టి ఆ రెండింటికీ మధ్యలో ఉన్నాను, పైగా షో అయి ఐదు నెలలు దాటింది, కోపం కూడా చల్లారింది. కంపెనీ పేరు మాత్రం అడగొద్దు, చెప్పను.

నేను తీసుకున్నది 20 వారాల ప్యాకేజీ. వర్కౌట్ ప్లాన్, రోజువారీ మాక్రోలు (ప్రోటీన్, కార్బ్స్, కొవ్వు ఎన్ని గ్రాములు తినాలో), ప్రతి ఆదివారం చెక్-ఇన్ (కోచ్‌కి పంపే వారం రిపోర్టు), వీడియోలో పోజింగ్ క్లాసులు ఎనిమిది, చివర్లో పీక్ వీక్ ప్లాన్, అంటే షోకి ముందు ఆఖరి వారానిది. ఫీజు తక్కువేం కాదు. ఇది నాకు రెండో షో, మొదటిది వేరే కోచ్ దగ్గర చేసి చేతులు కాల్చుకున్నాను, ఆ సంగతి కిందకి వస్తుంది.

చేరేటప్పుడు ఫిజీక్ విభాగంలో పోటీ చేస్తానని చెప్పాను. ఫోటోలు మూడు వైపుల నుంచి తీయించుకుని చూసి, ఫిజీక్ కాదు, ఫిగర్ విభాగానికి వెళ్లండి అన్నారు. కాస్త చిన్నబుచ్చుకున్నాను, నిజం చెప్పొద్దూ. కానీ కారణం విడమరిచి చెప్పారు. ఫిగర్‌లో హీల్స్ వేసుకుని క్వార్టర్ టర్న్‌లు తిరుగుతాం, అంటే ముందు, పక్క, వెనుక, మళ్లీ పక్క. బైసెప్స్ బిగించి చూపించడం ఉండదు. జడ్జిలు చూసేది మొత్తం ఆకారం, వెడల్పు భుజాలు, సన్నటి నడుము, ఆ రెంటికీ కాళ్లతో పొంతన. ఫిజీక్‌లో చెప్పుల్లేకుండా ఉత్త కాళ్లతో నిలబడాలి, డబుల్ బైసెప్స్ లాంటి పోజులు పెట్టాలి, అదీ పిడికిలి బిగించి కాదు, చేతులు తెరిచి, ఆ పైన మ్యూజిక్‌కి ఒక రొటీన్. అందులో కండ ఇంకా ఎక్కువ ఉండాలి. నాకున్న కండ ఫిజీక్‌లో పక్కనున్నవాళ్ల ముందు చిన్నగా కనిపిస్తుంది, ఫిగర్‌లో అయితే భుజాలే నాకు ప్లస్ అన్నారు. చూస్తే నిజమే.

బాడీబిల్డింగ్‌లో అన్నిటికన్నా పెద్ద పోటీ అయిన ఒలింపియాలో ఫిగర్ 2003లో మొదలైంది, డవానా మెడీనా గెలిచింది. ఫిజీక్ పదేళ్ల తర్వాత 2013లో వచ్చింది, మొదటి టైటిల్ డానా లిన్ బెయిలీది. రెండూ ఒకటేగా అనుకునేవాళ్లు ఈ ఇద్దరి స్టేజ్ ఫోటోలు పక్కపక్కన పెట్టి చూడండి, చాలు. మా కోచ్ అయితే 2017 నుంచి 2023 దాకా వరసగా ఏడుసార్లు ఫిగర్ ఒలింపియా గెలిచిన సిడ్నీ గిలన్ వీడియోలు పంపి, "ముందు నుంచి కాదు, వెనక్కి తిరిగినప్పుడు చూడండి" అన్నారు. అప్పట్నుంచి ఎవరి వీడియో చూసినా నా కళ్లు వీపు మీదకే పోతున్నాయి.

డైట్ విషయంలో వాళ్లని మెచ్చుకోవాలి. 63 కిలోలతో మొదలుపెట్టాను, స్టేజ్ మీద 55.2. వారానికి 400 గ్రాముల లోపే తగ్గినట్టు, అంటే శరీర బరువులో ఒక శాతం కన్నా తక్కువ. మొదటి మూడు వారాలు స్కేల్ మీద ముల్లు కదలట్లేదని నేనే గోల పెట్టాను, ఇంకో రెండొందల క్యాలరీలు కోసేయండి అని బతిమాలాను, ఒప్పుకోలేదు. తొందరగా తగ్గితే పోయేది కొవ్వొక్కటే కాదు, ఏడాదిగా కష్టపడి పెంచుకున్న భుజాలు కూడా పోతాయి అన్నారు. ప్రోటీన్ మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా 140 గ్రాములు, దాన్ని ముట్టుకోలేదు. క్యాలరీలు 2,100 నుంచి మెల్లగా 1,550కి దించారు. కార్డియో కూడా ముందే నెత్తిన రుద్దలేదు, రోజుకి 8,000 అడుగులతో మొదలెట్టి 12,000కి తెచ్చి, అప్పుడు వారానికి నాలుగుసార్లు అరగంట కలిపారు. బరువులు మాత్రం తేలిక చేయనివ్వలేదు. కటింగ్, అంటే కొవ్వు తగ్గించే దశ, అనగానే డంబెల్స్ చిన్నవి చేసుకుని ఇరవై ముప్ఫై రెప్స్ కొట్టే అలవాటు నాకుండేది, అది మాన్పించారు. సప్లిమెంట్లు అంటగట్టలేదు, క్రియాటిన్ 5 గ్రాములు, అంతే.

యాప్ మామూలుగా ఉంది. ఫోటోలు అప్‌లోడ్ అవడానికి యుగాలు పడుతుంది. తొమ్మిదో వారంలో చెప్పాపెట్టకుండా కోచ్‌ని మార్చారు, కొత్తావిడ పాత చెక్-ఇన్‌లు చదవకుండానే మోకాలి నొప్పి అని రెండుసార్లు చెప్పినా మోకాళ్లు వంచి చేసే లంజెస్ రాసింది. మూడోసారి వాయిస్ నోట్‌లో గట్టిగా చెప్తే మారింది.

ఇక పోజింగ్ దగ్గరికొద్దాం, అసలు ఈ రివ్యూ రాయాలనిపించింది ఆవిడ కోసమే. పోజింగ్ చెప్పేది వేరే మేడమ్, వయసులో పెద్దావిడ, ఒకప్పుడు స్టేజ్ చేసినావిడ. మొదటి క్లాసులో నా చేత పోజే పెట్టించలేదు. హీల్స్ వేసుకుని గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకి నడవమంది, ఇరవై నిమిషాలు. తర్వాత మీరు నేల చూస్తున్నారు అంది, అంతే, క్లాసు అయిపోయింది. డబ్బు దండగ అనుకున్నాను ఆ రోజు. రెండో క్లాసు నుంచి అర్థమైంది. ఫిగర్ ఫ్రంట్ పోజ్ బయటికి ఊరికే నిలబడ్డట్టు ఉంటుంది, లోపల మాత్రం ఒళ్లంతా పనిలో ఉండాలి. మడమలు దగ్గరికి, తొడలు బిగించి, పక్కటెముకలు పైకి లేపి, లాట్స్ (వీపు పక్క కండలు) విప్పి, చేతులు పక్కకి కాస్త దూరంగా వేలాడాలి, ఇన్ని చేస్తూ ముఖంలో బాధ కనిపించకూడదు, ఊపిరి ఆగకూడదు. లాట్స్ విప్పగానే నా భుజాలు చెవుల దాకా వచ్చేవి. ఆవిడ దాన్ని పట్టుకుని నాలుగు క్లాసులు నమిలింది. భుజం పైకి కాదు, పక్కకి, చంకల్లో రెండు పుస్తకాలు పెట్టుకున్నారనుకోండి, అవి పడకూడదు, నలగకూడదు అనేది. నేను నిజంగానే పుస్తకాలు పెట్టుకుని ప్రాక్టీస్ చేశాను.

వెనుక పోజ్‌కి ఇంకో తిప్పలు. అద్దంలో కనపడదు. ఫోన్ స్టాండ్‌కి పెట్టి వీడియో తీసుకుని చూసుకోవాలి. నా నడుము ఎక్కువ వంచేస్తున్నానని, అందుకే హామ్‌స్ట్రింగ్స్ (తొడ వెనక కండలు) దగ్గర గీతలు మాయమవుతున్నాయని ఆవిడ చెప్పేదాకా, అక్కడ నాకు కొవ్వు ఇంకా కరగలేదనే అనుకుని కార్డియో పెంచమని అడుగుతున్నాను! రెండు డిగ్రీలు వంపు తగ్గించాను, గీతలు కనిపించాయి. నెల రోజుల కార్డియో పని ఒక్క పూటలో అయింది. పదో వారం నుంచి రోజూ పావుగంట పోజింగ్ రాసింది, ఆఖరి నాలుగు వారాలు అరగంట, అదీ లెగ్స్ రోజు వర్కౌట్ అయ్యాక, కాళ్లు వణుకుతున్నప్పుడు. స్టేజ్ మీద పోలికల కోసం లైన్‌లో ఎంతసేపు నిలబెడతారో ఎవరికీ తెలీదు, అలిసిపోయిన కాళ్లతో నవ్వడం రావాలి అనేది. మమ్మల్ని లైన్‌లో మూడుసార్లు అటూ ఇటూ మార్చి నిలబెట్టారు. నా పక్కమ్మాయి కాళ్లు ఊగిపోయాయి, పాపం. నావి ఊగలేదు.

ఇప్పుడు అసలు గొడవ. 15వ వారంలో నాకు పీరియడ్ రాలేదు. ఆదివారం చెక్-ఇన్ ఫారం తెరిచాను. బరువు, నడుము కొలత, తుంటి కొలత, నిద్ర, అడుగులు, మూడ్‌కి పదికి ఎన్ని మార్కులు, అన్నీ ఉన్నాయి. పీరియడ్స్‌కి గడి లేదు. ఆడవాళ్ల ప్రెప్ కోచింగ్ అని ప్రకటన ఇచ్చుకున్న సర్వీసు ఇది! ఇతర విషయాలు అన్న చోట రాశాను. "ప్రెప్‌లో మామూలే, షో అయ్యాక వచ్చేస్తుంది" అని జవాబు, పక్కన కండ బొమ్మ. చాలామందికి జరిగేదే, కాదనను. కానీ మామూలే అంటే ఏమీ కాదని అర్థం కాదుగా. ఈస్ట్రోజెన్ పడిపోతే ఎముకల మీద దెబ్బ పడుతుంది.

కూర్చుని లెక్క నేనే వేశాను. ఆ వారం నా కొవ్వు తీసేసిన బరువు 48 కిలోల దాకా ఉంది. తినేది 1,550 క్యాలరీలు, వ్యాయామానికి ఓ 350 పోతే మిగిలేది 1,200, దాన్ని 48తో భాగిస్తే కిలోకి 25. ఇది 30 కన్నా తగ్గితే శరీరం పొదుపులోకి వెళ్లి, ముందుగా హార్మోన్ల ఖర్చే కోసేస్తుందని స్పోర్ట్స్ న్యూట్రిషన్ చదివిన ఎవరైనా చెప్తారు. ఒలింపిక్ కమిటీ 2014లోనే దీనికి రెడ్-ఎస్ (క్రీడల్లో శరీరానికి శక్తి చాలకపోవడం) అని పేరు పెట్టి పెద్ద పత్రమే రాసింది. ఈ లెక్క పంపితే రెండు రోజులు జవాబు లేదు, తర్వాత మాత్రం క్యాలరీలు 1,700 చేసి కార్డియో ఒక రోజు తీసేశారు. చేసినందుకు థ్యాంక్సే, కానీ లెక్క వేయాల్సింది ఎవరు? డాక్టర్ దగ్గరికి నా అంతట నేనే వెళ్లాను, రక్త పరీక్షలు చేయించుకున్నాను. వెళ్లమని వాళ్లు ఒక్కసారి కూడా అనలేదు.

ఆఖరి వారం మాత్రం మళ్లీ పేరు పెట్టడానికి లేదు. మొదటి షోకి ఆ పాత కోచ్ రెండు రోజులు నీళ్లు మాన్పించాడు, ఉప్పు పూర్తిగా తీసేయించాడు, ఒక రోజు ముందు నీళ్లు లాగేసే మాత్ర వేసుకోమన్నాడు. అవి డ్రగ్ టెస్టులో నిషేధించిన మందుల జాబితాలో ఉంటాయని కూడా చెప్పలేదు, నేనే చూసుకుని వేసుకోలేదు. నీళ్లు లేకే స్టేజ్ వెనకాల పిక్కలు పట్టేసి కింద కూర్చుండిపోయాను, కండలేమో గాలి పోయిన ట్యూబుల్లా ఉన్నాయి. కండలో ముప్పాతిక వంతు నీళ్లే కదా, నీళ్లు మానేస్తే చర్మం కింద నీరొక్కటే పోతుందని ఎలా అనుకున్నామో! కండలో కార్బ్స్ నిల్వ ఉండే రూపం గ్లైకోజన్, అది ఒక గ్రాము తనతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుంటుంది, కార్బ్స్ పెంచి నీళ్లు ఆపితే అది కండలోకి ఎక్కడి నుంచి వస్తుంది? వీళ్లు నీళ్లు ముట్టుకోలేదు, ఉప్పు రోజూ ఉన్నంతే, రెండు రోజుల ముందు నుంచి కార్బ్స్ పెంచి ఉదయం సాయంత్రం ఫోటోలు అడిగి, వాటిని బట్టి కాస్త అటూ ఇటూ చేశారు. ఎక్కువ హడావుడి లేదు. ఉండకూడదు కూడా.

షో రోజు సంగతులకి వాళ్లిచ్చిన చెక్‌లిస్ట్ బాగుంది. ట్యాన్ (స్టేజ్ కోసం ఒంటికి వేసే ముదురు రంగు) వేసే ముందు డియోడరెంట్, లోషన్ రాయొద్దని (రాస్తే చంకల దగ్గర ఆకుపచ్చగా తేలుతుంది), నల్లటి వదులు బట్టలు తెచ్చుకోమని, సూట్ జారకుండా రాసే జిగురు రోల్-ఆన్ రెండు ఉంచుకోమని, స్టేజ్ ఎక్కేముందు చేసే పంపప్‌లో భుజాలు వీపు చేయాలి గానీ కాళ్ల జోలికి పోవద్దని. బాత్‌రూమ్‌కి పేపర్ కప్పు తీసుకెళ్లమని కూడా రాశారు. ఎందుకో మొదట అర్థం కాలేదు. ట్యాన్ వేసుకున్న కాళ్ల మీద ఒక్క చుక్క పడినా గీత పడుతుంది, అందుకు. దీనికి ఒక స్టార్ ఎక్కువే ఇస్తాను.

మర్నాడు పొద్దున "కంగ్రాట్స్!" అని మెసేజ్. దాని కిందే రికవరీ ప్యాకేజీ లింకు. అదేంటని అడిగితే, షో తర్వాత తిండి ఎలా పెంచాలన్నది ఈ 20 వారాల్లోకి రాదట, విడిగా కొనుక్కోవాలట. చేరేటప్పుడు ఎక్కడా చెప్పలేదు, వెతికితే నిబంధనల్లో కింద ఎక్కడో ఒక లైను ఉంది. ఎల్లుండికల్లా యాప్ తాళం పడింది, నా పాత చెక్-ఇన్‌లు, ఫోటోలు కూడా లోపలే. సరిగ్గా మనిషి చేయి పట్టుకోవాల్సిన వారం అది. ఆకలి ఎంత తిన్నా తీరదు, కొవ్వు తగ్గడంతో లెప్టిన్ అనే హార్మోన్ పాతాళంలో ఉంటుంది కాబట్టి కడుపు నిండిందని మెదడుకి కబురే అందదు. పది రోజుల్లో 55.2 నుంచి 61కి వెళ్లాను, చీలమండలు వాచి బూట్లు ఎక్కలేదు, అద్దం చూడటం మానేశాను, ఒక రాత్రి వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చాను. ఇది ముందే తెలిసినవాళ్లు, ఇలాగే వందల మందిని చూసినవాళ్లు, దీన్ని ఇంకో బిల్లు కింద అమ్ముతున్నారు.

నేను కొనలేదు. డాక్టర్ పంపిన డైటీషియన్ దగ్గరికి వెళ్లాను, ఆవిడ మొదటి రోజే తిండి పెంచేసింది, జిమ్ వారానికి నాలుగు రోజులకి కుదించింది. పీరియడ్ షో అయిన నాలుగు నెలలకి వచ్చింది. బరువు 61 దగ్గరే నిలబడింది, నిద్ర పడుతోంది, స్క్వాట్ మళ్లీ పాత నంబర్‌కి చేరింది.

ఐదుకి ఎన్నంటే, ట్రైనింగ్‌కి నాలుగు, పోజింగ్‌కి ఐదు, పీక్ వీక్‌కి ఐదు, ఆరోగ్యం పట్టించుకోవడంలో ఒకటి, షో తర్వాతకి సున్నా. వీటిని కలిపి సగటు తీయకండి, సగటుకి అర్థం లేదు. వీళ్ల దగ్గరే కాదు, ఎక్కడ చేరినా డబ్బు కట్టే ముందు ఆ చెక్-ఇన్ ఫారం ఖాళీది ఒకటి పంపమనండి, షో అయ్యాక ఎన్ని వారాలు ప్లాన్ ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. నా జడ్జింగ్ షీట్ మీద వీపు వెడల్పు చాలలేదని రాశారు, కాబట్టి ఏడాదిన్నర దాకా నాకు స్టేజ్ లేదు, తినడం, పుల్-అప్స్, అంతే.

మొన్న వాళ్లకి మెయిల్ పెట్టాను, మిగతావేమీ వద్దు, ఆ పోజింగ్ మేడమ్ క్లాసులు మాత్రం విడిగా దొరుకుతాయా అని. దొరుకుతాయన్నారు. నెలకి ఒకటి చొప్పున తీసుకున్నాను, మొదటిది వచ్చే గురువారం. పుస్తకాలు రెండు తీసి పక్కన పెట్టుకున్నాను.