నడిగూడెం కోట, ఫణిగిరి గుట్ట: నాన్నతో రెండు రోజులు

ఆగస్టు మొదటి వారంలో నాన్నతో కలిసి నడిగూడెం వెళ్ళొచ్చాను. ఇప్పుడు సూర్యాపేట జిల్లా, పాత లెక్కలో నల్లగొండ. పింగళి వెంకయ్య గారు పుట్టింది కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులోనే అయినా, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారి ఆదరణలో కొన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారు. పత్తి మీద ప్రయోగాలు చేసి 'పత్తి వెంకయ్య' అనిపించుకున్నారు. మన జాతీయ జెండా నమూనాలు ఈ ఊళ్ళోని రాజావారి కోటలోనే గీశారని ఊళ్ళోవాళ్ళు గట్టిగా చెబుతారు.

రాత్రి బస కోదాడలో. లాడ్జి గది శుభ్రంగానే ఉంది కానీ రోడ్డు వైపు గది మాత్రం తీసుకోవద్దు, తెల్లవార్లూ లారీల హారన్లే. వేడినీళ్ళు రెండుసార్లు అడిగితేగానీ రాలేదు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ముందే అడిగి పెట్టుకోండి. ఆటో రానూపోనూ మాట్లాడుకుంటే మేలు.

కోటను చూడగానే మనసు చివుక్కుమంది. సున్నం రాలిన గోడలు, సందుల్లో మొలిచిన మొక్కలు. వివరం చెప్పే బోర్డు నాకెక్కడా కనబడలేదు. అందుకే కొంత తెలుసుకుని వెళ్ళాలి. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో వెంకయ్య గారు గాంధీజీకి చూపించిన జెండాలో ఉన్నవి ఎరుపు, ఆకుపచ్చ. తెలుపు గాంధీజీ చేర్చమన్నది. 1931లో ఎరుపు పోయి కాషాయం వచ్చింది. రంగులు మతాలకు గుర్తులు కావని, కాషాయం ధైర్యత్యాగాలకు, తెలుపు సత్యశాంతులకు గుర్తని కాంగ్రెస్ అప్పుడే చెప్పింది. 1947 జులై 22న రాట్నం స్థానంలో 24 ఆకుల అశోక చక్రం వచ్చింది.

ఇంకో సంగతి నాన్న చెప్పారు. మునగాల పరగణా చుట్టూ నిజాం ఇలాకా ఉన్నా, అది మాత్రం బ్రిటిష్ వాళ్ళ కింద కృష్ణా జిల్లాలో ఉండేది. అంటే 1947 ఆగస్టు 15న ఇక్కడ స్వాతంత్ర్యం వచ్చింది. హుజూర్‌నగర్ వైపున్న మా తాత ఊళ్ళో మాత్రం అదే జెండా ఎత్తితే అరెస్టు! వాళ్ళు 1948 సెప్టెంబరు 17 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ మాట విన్నాక కోట ముందు చాలాసేపు నిలబడిపోయాను.

మర్నాడు ఫణిగిరి బౌద్ధ క్షేత్రం. జెండాలోని చక్రం మీద ఆసక్తి ఉన్నవాళ్ళు తప్పకుండా చూడాలి. నాగార్జునకొండ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల కాలంలో ఇక్కడ ధర్మచక్రం ప్రతిష్ఠించినట్టు ఈ గుట్ట మీద దొరికిన శాసనమే చెబుతోంది. నాన్న మోకాళ్ళ వల్ల కిందే కూర్చున్నారు, నేనొక్కదాన్నే ఎక్కాను. పైన నీడ తక్కువ, నీళ్ళు, టోపీ తీసుకెళ్ళండి. నిర్వహణ నడిగూడెం కన్నా ఎంతో నయం.

ఒక్క పూటే టైం ఉంటే? నేనైతే నడిగూడెమే వెళ్తాను, అదీ మా నాన్నలాంటి మనిషిని వెంటబెట్టుకుని.