టీ-6 లిమిట్స్, బోల్డ్‌ఫేస్ చెక్‌లిస్ట్: మూడున్నరేళ్ళు వాడాక నా అభిప్రాయం

అమెరికా ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్ ట్రైనింగ్‌కి వచ్చినవాళ్ళకి మిలిటరీ ఫ్లయింగ్ మొదలయ్యేది టీ-6ఏ టెక్సన్ టూ మీద. ముందొకరు వెనకొకరు కూర్చునే విమానం, 1,100 హార్స్‌పవర్ టర్బోప్రాప్. దాని ఆపరేటింగ్ లిమిట్స్, ఎమర్జెన్సీ చెక్‌లిస్ట్ గురించి ఇది. స్టూడెంట్‌గా ఆరు నెలలు, తర్వాత అదే విమానం మీద ఇన్‌స్ట్రక్టర్‌గా మూడేళ్ళు, ఎగిరిన ప్రతిసారీ ఆ చిన్న పుస్తకం నా దగ్గరే ఉంది. మన తెలుగు పిల్లలు ఇద్దరు ముగ్గురు ఇటువైపు వస్తామని అడిగారు, అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకసారి రాసేస్తే నయమనిపించింది.

ముందు బోల్డ్‌ఫేస్ సంగతి. లావు అక్షరాల్లో అచ్చువేసిన స్టెప్పులు, ఇంజన్ ఆగిపోవడం, మంటలు, టేకాఫ్ ఆపేయడం, విమానం కంట్రోల్ తప్పడం, ఎజెక్షన్ అంటే సీటుతో సహా విమానంలోంచి బయటికి ఎగిరిపోవడం, ఇలాంటివాటికి. అవి కంఠతా రావాలి, పుస్తకంలో ఎలా ఉందో అలాగే, ఒక్క మాట అటూ ఇటూ కాకూడదు. పొద్దున్నే అందరి ముందూ ఒకరిని లేపి ఒక ఎమర్జెన్సీ ఇస్తారు, దీన్ని స్టాండప్ అంటారు, లేచినవాళ్ళు విమానాన్ని కంట్రోల్‌లో ఉంచుతాను, పరిస్థితి ఏంటో చూస్తాను, తగిన పని చేస్తాను అని మొదలుపెట్టి దిగేదాకా అప్పజెప్పాలి. తడబడితే కూర్చోమంటారు, ఆ రోజు ఇక ఫ్లైట్ లేనట్టే. నేను ఏడో క్లాసు దాకా హైదరాబాద్‌లో చదివాను, ఎక్కాలూ పద్యాలూ వల్లెవేసి అప్పజెప్పిన అలవాటు నాకు ఇక్కడ ఇంత పనికొస్తుందని అనుకోలేదు. నా క్లాస్‌మేట్స్ చాలామంది అర్థమైతే చాలు కదా, అక్షరం అక్షరం ఎందుకు అని వాదించేవాళ్ళు. అక్షరం అక్షరం ఉండాల్సిందే అని మూడున్నరేళ్ళ తర్వాత కూడా గట్టిగా అంటాను. ఇంజన్ ఆగినప్పుడు వాక్యం తయారుచేసుకునే టైం ఉండదు, నోట్లో సిద్ధంగా ఉన్నదే బయటికొస్తుంది.

కానీ వల్లెవేస్తే సరిపోతుందా అంటే సరిపోదు, నా అసలు పాయింట్ ఇదే. ప్రతి స్టెప్ వెనక, ప్రతి నంబర్ వెనక ఒక కారణం ఉంటుంది, అది చెక్‌లిస్ట్‌లో ఉండదు. గాల్లో ఇంజన్ ఆగితే మొదటిది జూమ్ లేదా గ్లైడ్, అంటే ఉన్న వేగాన్ని ఎత్తుగా మార్చుకోవడం లేదా ఇంజన్ లేకుండా జారుతూ పోవడం, 125 నాట్స్ మినిమమ్. రెండోది పీసీఎల్ ఆఫ్, అంటే పవర్ లివర్ పూర్తిగా వెనక్కి. ఆగిన ఇంజన్‌ని మళ్ళీ ఆపడమేంటి అని ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు అడుగుతారు, అడగాలి కూడా. లివర్ ఆఫ్‌కి పోతే ప్రొపెల్లర్ ఫెదర్ అవుతుంది, అంటే ప్రొపెల్లర్ బ్లేడ్లు గాలికి అంచు చూపిస్తాయి, లేకపోతే అది గాలికి అడ్డంగా పట్టుకున్న తలుపులా విమానాన్ని కిందికి లాగేస్తుంది. ఫెదర్ అయితే నిమిషానికి 1,350 నుంచి 1,500 అడుగులు దిగుతూ ప్రతి వెయ్యి అడుగులకీ రెండు నాటికల్ మైళ్ళు పోతాం. ఈ సంగతి తెలిసిన స్టూడెంట్ ఆ రెండో స్టెప్‌ని ఎప్పటికీ మర్చిపోడు, ఇది నేను చాలామందిలో చూశాను.

లిమిట్స్ కూడా అంతే. జీ లిమిట్, అంటే విమానం మీద గురుత్వాకర్షణకి ఎన్ని రెట్ల బరువు పడొచ్చో ఆ హద్దు, ప్లస్ 7, మైనస్ 3.5 అని అందరూ గడగడా చెప్తారు, స్టిక్ వెనక్కి పుల్ చేస్తూ అదే టైంలో విమానాన్ని పక్కకి రోల్ కూడా చేస్తే అది ప్లస్ 4.7కి పడిపోతుందని, రెండు రెక్కల మీదా బరువు సమానంగా పడదు కాబట్టి అని, చెప్పేవాళ్ళు తక్కువ. తలకిందులుగా 15 సెకండ్లే ఎందుకంటే ఆయిల్ కోసం. గేర్ అంటే చక్రాలు, ఫ్లాప్స్ అంటే రెక్కల వెనక కిందికి దిగే పలకలు, ఇవి 150 నాట్స్ దాటి దించకూడదు. రెండు రెక్కల్లో ఇంధనం తేడా 50 పౌండ్లు దాటితే స్పిన్, స్టాల్, ఏరోబాటిక్స్ ఏవీ చేయకూడదు.

నచ్చనివీ చెప్తాను. తగినట్టు, పరిస్థితి అనుకూలిస్తే, ఇలాంటి మాటలు స్టెప్పుల్లో చాలా ఉంటాయి. అనుభవం ఉన్నవాళ్ళకి ఓకే, పాతిక గంటలు కూడా ఎగరని పిల్లాడికి ఏది అనుకూలమో ఎలా తెలుస్తుంది? 2,000 అడుగుల కింద ఉన్నప్పుడు ఇంజన్ మళ్ళీ స్టార్ట్ చేసే ప్రయత్నం వద్దు, దృష్టంతా దిగడం మీదో ఎజెక్షన్ మీదో పెట్టమన్న మాట వార్నింగ్ బాక్స్‌లో ఉంటుంది, బోల్డ్‌ఫేస్‌లో ఉండదు. నా స్టూడెంట్స్‌తో ఆ వార్నింగ్స్‌ని కూడా బోల్డ్‌ఫేస్ పక్కనే రాయించేవాడిని. ఇంకా ప్లాస్టిక్ పేజీలు ఎండలో మెరుస్తాయి, రాత్రి ఫ్లైట్‌లో ఆ చిన్న అక్షరాలు చదవాలంటే కళ్ళు చికిలించాల్సిందే.

నిజంగా వాడాల్సి వచ్చిన రోజు ఒకటుంది. ఓక్లహోమాలో గోధుమ చేల మధ్య మేం ప్రాక్టీస్ చేసే చిన్న రన్‌వే ఉంది, అక్కడ టచ్ అండ్ గో, అంటే చక్రాలు నేలకి తాకించి ఆగకుండా మళ్ళీ లేవడం, చేసి పైకి లేస్తుంటే ఎడమవైపు దడేల్‌మని పక్షి తగిలింది. ముందు సీట్లో ఉన్న స్టూడెంట్ వెంటనే బిగుసుకుపోయాడు, విమానం నేను తీసుకున్నాను. నోరు దానంతటదే టర్న్, క్లైంబ్, క్లీన్, చెక్ అనేసింది. దగ్గరి రన్‌వే వైపు తిరగడం, ఎత్తు పెంచడం, గేర్ ఫ్లాప్స్ ఎత్తేయడం, ఇంజన్ నంబర్లు చూడడం, తర్వాత బూస్ట్ పంప్, ఇగ్నిషన్, ప్లాన్. ఐటీటీ అంటే ఇంజన్ లోపలి వేడి, టార్క్ అంటే ఇంజన్ ఇచ్చే శక్తి, ఆయిల్ ప్రెషర్ అన్నీ లిమిట్స్‌లోనే ఉన్నాయి, అయినా పక్షి ఇంజన్‌లోకి కూడా పోయిందేమో అన్న అనుమానం పోలేదు కాబట్టి ఇంజన్ ఏ క్షణమైనా ఆగిపోవచ్చన్నట్టే దిగాలి. దీనికి రన్‌వే చుట్టూ గుండ్రంగా దిగే దారి ఒకటుంది, అందులో దాటాల్సిన రెండు గుర్తులు హై కీ, లో కీ: హై కీ 3,000 అడుగులు, లో కీ 1,500, 120 నాట్స్. టార్క్ 4 నుంచి 6 శాతం మధ్య పెట్టి ఫెదర్ అయినట్టు నటిస్తూ వందలసార్లు చేసిన గుండ్రటి దారే, చేతులకి కొత్తేమీ లేదు. దారిలో పుస్తకం తెరిచి మిగతా స్టెప్పులు స్టూడెంట్‌తో పైకి చదివించాను, అప్పటికి వాడు తేరుకున్నాడు, గొంతు కూడా సరైంది. దిగి చూస్తే ఎడమ రెక్క అంచు మీద సొట్ట, ఇంజన్‌కి ఏమీ కాలేదు.

ఎజెక్షన్ గురించి కూడా ఒక మాట. సీటు జీరో-జీరో, అంటే రన్‌వే మీద ఆగి ఉన్నా పనిచేస్తుంది, దాన్ని చూసుకుని ఇంకొంచెం ప్రయత్నిద్దాంలే అనుకునే ప్రమాదం ఉంది. విమానం కంట్రోల్‌లో లేకపోతే నేలకి 6,000 అడుగులు, కంట్రోల్‌లో ఉంటే 2,000, అంతకంటే కిందికి రాకముందే ఎజెక్ట్ అవ్వాలి, ఈ రెండు నంబర్లూ రోజూ నేలమీదే పైకి అనుకుని ఎక్కండి, గాల్లో ఆలోచించుకుందాం అనుకోవద్దు. ఇది మా అమ్మకి చెప్తే ఫోన్లో చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత ఆ నంబర్లు మర్చిపోకు నాన్నా అంది.

కొత్తగా చేరేవాళ్ళు యాప్‌లో ఫ్లాష్‌కార్డులు తిప్పడంతో ఆగిపోకండి, రోజూ తెల్ల కాగితం మీద బోల్డ్‌ఫేస్, లిమిట్స్ చూడకుండా పెన్నుతో రాసి పుస్తకం పక్కన పెట్టి దిద్దుకోండి, పదిహేను నిమిషాలు పడుతుంది, నేను ఇన్‌స్ట్రక్టర్‌గా ఆఖరి వారం దాకా రాశాను.