జాంగో ఫిల్టర్: పని బాగా చేస్తుంది, తప్పు మాత్రం చెప్పదు

మందుల హోల్‌సేల్ వ్యాపారం చేసే ఒక సంస్థకు ఆర్డర్ల అప్లికేషన్ మేమే చూసుకుంటాం. యూఆర్ఎల్‌లో వచ్చే పారామీటర్లను బట్టి ఆర్డర్లు వడకట్టే పని కొన్నేళ్లుగా జాంగో ఫిల్టర్‌దే, అంటే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోకి తోడుగా వాడే ఒక లైబ్రరీది. అంతకుముందు ప్రతి వ్యూలోనూ (అభ్యర్థనకు జవాబిచ్చే కోడ్‌లోనూ) వరసగా ఇఫ్‌లు ఉండేవి: స్టేటస్ ఉంటే ఇది, తేదీ ఉంటే అది. వాటన్నిటి బదులు ఇప్పుడు ఫిల్టర్‌సెట్_ఫీల్డ్స్ అని ఒక్క లైను రాస్తే చాలు. ఆ సుఖం గురించి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చాలాకాలం చెప్పాను.

ఆ లైబ్రరీ 22.1 వెర్షన్‌కి మారాక ఆ ఉత్సాహం కాస్త తగ్గింది. 2.4 నుంచి నేరుగా దూకాం. ఇన్‌స్టాల్ అయింది, సర్వర్ లేచింది, టెస్టులన్నీ పాస్. మర్నాడు పొద్దున్నే గోడౌన్ సూపర్‌వైజర్ ఫోన్: "సార్, నిన్న లోడ్ ఎక్కించి పంపినవి కూడా పెండింగ్‌లో చూపిస్తోంది. మళ్లీ ప్యాక్ చేయించమంటారా?"

లాగులు తిరగేస్తే ఎక్కడా ఎర్రర్ లేదు. మొబైల్ యాప్ స్టేటస్=పెండింగ్ అని సరిగ్గానే అడుగుతోంది. సర్వర్ 200 (అంతా సవ్యమే అనే కోడ్) కొట్టి మొత్తం ఆర్డర్లు ఇచ్చేస్తోంది. ఎప్పుడో ఎవరో రాసి వెళ్లిన ఒక వ్యూలో ఫిల్టర్_ఫీల్డ్స్ అనే పాత పేరు ఉండిపోయింది. 2018లో వచ్చిన 2.0లోనే దాన్ని ఫిల్టర్‌సెట్_ఫీల్డ్స్‌గా మార్చారు. 22.1లో పాత పేరుకు మద్దతు పూర్తిగా తీసేశారు. మార్పుల జాబితాలో ఆ సంగతి రాసే ఉంది, కాదనను. కానీ తీసేశాక ఆ పేరు కనబడితే గట్టిగా అరవాలి కదా! అరవలేదు. ఆ లైను లేనట్టే ఊరుకుంది, వడకట్టడం మానేసింది. ఏ గోడౌన్ ఆర్డర్లు ఆ గోడౌన్‌కే అన్న హద్దు, డేటాబేస్ నుంచి ఏ ఆర్డర్లు తేవాలో చెప్పే గెట్_క్వెరీసెట్‌లో విడిగా ఉంది కాబట్టి ఒకరివి ఇంకొకరికి కనబడలేదు. ఆ హద్దును ఫిల్టర్ మీద వదిలేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

అప్పటినుంచి ఈ మౌనం మీద ఒక కన్నేసి ఉంచాను. స్టేటస్‌కి ఛాయిసెస్ (చెల్లే విలువల జాబితా) ఇచ్చి ఉంటే, తప్పు విలువ పంపినప్పుడు జాంగోలో ఏపీఐలు రాసే రెస్ట్ ఫ్రేమ్‌వర్క్‌లో చక్కగా 400 (అడిగింది తప్పు అనే కోడ్) వస్తుంది, ఏది తప్పో కూడా చెబుతుంది. అదే పారామీటర్ పేరులో ఒక అక్షరం పోతే మాత్రం మొత్తం జాబితా చేతిలో పెడుతుంది. విలువ ఖాళీగా పంపినా అంతే. పేజీ నంబరు, ఆర్డరింగ్ లాంటివి కూడా అదే యూఆర్ఎల్‌లో వస్తాయి కాబట్టి తెలియని పేర్లన్నిటినీ తిప్పికొట్టలేరు, నిజమే. అలాగని కావాలంటే ఆన్ చేసుకునే స్విచ్ ఒకటి ఇవ్వకూడదా?

ఇంకోటి కూడా ఉంది. ఆర్డర్‌లోని ఐటెమ్ పేరు, ఐటెమ్ స్థితి, రెండింటి మీదా ఫిల్టర్ పెడితే ఒక్కో షరతూ విడివిడిగా పడుతుంది. పారాసెటమాల్ వాపసు వచ్చిన ఆర్డర్లు అడిగితే, పారాసెటమాల్ ఉండి వేరే మందు వాపసు వచ్చినవి కూడా వస్తాయి. అలాంటి చోట రెండు షరతులూ ఒకే ఫిల్టర్ కాల్‌లో పడేలా మెథడ్ (సొంత ఫంక్షన్) రాసుకోవాల్సిందే.

చివరికి మా ఫిల్టర్లన్నిటికీ మూలమైన బేస్ ఫిల్టర్‌సెట్‌లో ఒక చిన్న తనిఖీ పెట్టాం. వచ్చిన పేర్లలో ఫిల్టర్లవి, పేజీవి, ఆర్డరింగ్‌వి తీసేశాక ఏదైనా మిగిలితే 400. పాత పేర్లు ఎక్కడైనా కనబడితే బిల్డ్ ఆగిపోయేలా ఒక గ్రెప్ (కోడ్‌లో పదాలు వెతికే కమాండ్) కూడా పెట్టాం. టెస్టులు ఇప్పుడు 200 చూసి సరిపెట్టుకోవు, ఎన్ని వరసలు వచ్చాయో లెక్కపెడతాయి.

ఇంత చెప్పాక కూడా జాంగో ఫిల్టర్‌ని తీసేసే ఆలోచన లేదు. మాది చిన్న టీమ్, వాడేది సంస్థ లోపలివాళ్లే, తేడా వస్తే గంటలో ఫోన్ వస్తుంది. మీ ఏపీఐని బయటి కంపెనీలు వాడుతుంటే మాత్రం ఆ తనిఖీ మొదటిరోజే పెట్టుకోండి, వాళ్లు ఫోన్ చేయరు.