బీట్ బజార్ పక్క సందులో బేకింగ్ సామాన్ల దుకాణం: పేరు తప్పు చెప్పినా సరైన సరుకే ఇస్తారు

వరంగల్‌లో ఇంట్లో కేకులు, బిస్కెట్లు చేసుకునేవాళ్లకు అసలు టెన్షన్ ఓవెన్‌తో కాదు, సామాన్లతో. సూపర్ మార్కెట్లలో ఒక అర మీద కోకో డబ్బా, బేకింగ్ పౌడర్, రెండు ఎసెన్స్ సీసాలు పెట్టి బేకింగ్ సెక్షన్ అంటారు. అందుకే నేను బీట్ బజార్ పక్క సందులో ఉన్న ఈ దుకాణానికే పోతున్నా. బేకరీలకు హోల్‌సేల్‌గా వేసేవాళ్లు, అయినా పావుకిలో అడిగితే విసుక్కోరు. బోర్డు సరిగ్గా కనబడదు, బయట మైదా బస్తాలే గుర్తు.

ధరల కోసం అక్కడికి పొమ్మని చెప్పను, కోకో ఆన్‌లైన్‌లో ఇంకా తక్కువకే దొరుకుతుంది. కౌంటర్ మీద ఉండే అన్న కోసం పోవాలి. ఏది అడిగినా "ఏం చేస్తరక్కా దాంతోని?" అని అడిగి గానీ తూకం వేయడు. ఈయనకెందుకు అనిపిస్తుంది, కానీ వీడియోలు చూసి మనం రాసుకుపోయే చీటీలో సగం పేర్లు ఏ దేశానివో మనకే తెలియదు. డల్లాస్‌లో ఉండే మా వదిన పంపిన రెసిపీలో కార్న్‌స్టార్చ్ అని ఉంది, అది ఇక్కడ అమ్మే తెల్లటి కార్న్‌ఫ్లోరే. కార్న్‌మీల్ అంటే మాత్రం పచ్చటి మొక్కజొన్న రవ్వ. ఆల్ పర్పస్ ఫ్లోర్ అడిగితే నవ్వి మైదా తూస్తాడు.

మొన్న నా ముందున్న ఒకామె బిస్కెట్లకని అమ్మోనియా అడిగింది, బేకరీవాళ్లు కరకరలాడాలని వేస్తారు కదా, అదే. "పల్చటియా, మందంగుంటయా?" అన్నాడు. ఆమె ఫోన్ తీసి ఫొటో చూపించింది, తీరా చూస్తే అవి అమెరికా బిస్కెట్లు, అంటే మజ్జిగ పోసి చేసే మెత్తటి ఉప్పటి బన్నుల్లాంటివి, ఇంగ్లండ్‌లో స్కోన్ అనేదానికి దగ్గర చుట్టం. మనం చాయ్‌లో ముంచుకునే రకాన్ని వాళ్లు కుకీ అంటారు. అన్న డబ్బా మూత పెట్టేసి బేకింగ్ పౌడర్ ఇచ్చాడు. పల్చటి బిస్కెట్‌లోంచి అమ్మోనియా వేడికి మొత్తం ఎగిరిపోతుంది, మందమైన దాంట్లో లోపలే ఉండిపోయి నోట్లో పెట్టుకోలేని ఘాటు వస్తుంది. ఆ ఒక్క ప్రశ్న వల్ల ఆమె సాయంత్రం పాడవకుండా బయటపడింది.

పేర్ల గొడవ అమెరికా దాకా పోతేనే ఉంటుందని కాదు. మనం కర్రీ పఫ్ అనేది ముంబైలో పాటీస్. కొబ్బరి, టూటీ ఫ్రూటీ కూరిన తియ్యటి రొట్టెను బెంగళూరులో ఒక బేకరీ దిల్‌పసంద్ అంటే పక్క బేకరీ దిల్‌ఖుష్ అంటుంది. మా ఇంట్లో రొట్టె అంటే జొన్నరొట్టే, బ్రెడ్‌ను అమ్మమ్మ ఇప్పటికీ డబల్ రొట్టె అనే అంటుంది. డబల్ కా మీఠాకు బ్రెడ్ ఇంట్లోనే చేద్దామని పోతే ఈ అన్న ఒకరోజు ముందే చేసి ఆరనివ్వమన్నాడు, తాజాది నూనె తాగి పాకంలో చితికిపోతుందట. అట్లనే చేశా, ముక్క విరగలేదు. అన్నట్టు అక్కడ చెర్రీ పేరుతో అమ్మే ఎర్రటి గుండ్లు చాలావరకు పాకం పట్టిన వాక్కాయలే, అడిగితే దాచకుండా చెప్తాడు.

ఇక తిట్టాల్సినవి. ఈస్ట్‌ను పెద్ద ప్యాకెట్ విప్పి చిన్న కవర్లలో కట్టి అమ్ముతారు, దాని మీద తేదీ ఉండదు. ఒకసారి పిండి ఎంతసేపు పెట్టినా పొంగలేదు, వెనక్కి తీసుకోమంటే తీసుకోలేదు. కొంటే ముందు గోరువెచ్చని నీళ్లలో చిటికెడు చక్కెరతో కలిపి 10 నిమిషాలు చూడండి, నురుగు రాకపోతే పారేయడమే. కొలత కప్పుల సెట్లలోనూ తేడాలున్నాయి, కొన్ని 240 మిల్లీలీటర్లవి, కొన్ని 250వి, కింద చూసి కొనండి. నన్నడిగితే కప్పుల బదులు తూకం మిషన్ తీసుకోండి, ఒక కప్పు మైదా ఇంచుమించు 125 గ్రాములు అనుకుంటే సరిపోతుంది.

విప్పింగ్ క్రీమ్ ఫ్రీజర్‌లోంచి గట్టిగా తీసిస్తారు, కానీ ఐస్ సంచీ ఇవ్వరు. ఎండాకాలంలో కాజీపేట చేరేలోపు కరిగిపోతుంది, కరిగినదాన్ని మళ్లీ గడ్డ కట్టిస్తే సరిగ్గా పొంగదు. సంచీ ఇంటి నుంచే పట్టుకుపోండి. మధ్యాహ్నం బేకరీల ఆటోలు సందు నిండా ఆగుతాయి, అప్పుడు పోతే అన్నకు మీ చీటీ చూసే తీరిక ఉండదు, పొద్దున షట్టర్ తీయగానే పోవడం మేలు.