రెండేళ్లు దాటి వాడుతున్న సోలార్ ఇన్వర్టర్ యాప్: గ్రాఫ్ బంగారం, అలర్టులతోనే తంటా

ఖమ్మంలో మా మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించి రెండేళ్లు దాటింది, ఇన్వర్టర్‌తో (ప్యానెళ్ల నుంచి వచ్చే కరెంటుని ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె) పాటు వచ్చిన యాప్ అప్పటి నుంచీ రోజూ చూస్తున్నాను.

ముందు నచ్చింది చెప్తాను. డేటా ఐదు నిమిషాలకోసారి వస్తుంది, గ్రాఫ్ మీద వేలు పెడితే ఏ టైమ్‌కి ఎంత తయారైందో కనిపిస్తుంది. మంచి ఎండ ఉన్న రోజు ఆ గీత నున్నగా కొండలా లేచి దిగాలి, మాది మాత్రం రోజూ మూడున్నరకి దభీమని పడిపోయేది. ఆ టైమ్‌కి మేడెక్కి చూస్తే పక్కింటి వాటర్ ట్యాంక్ నీడ రెండు ప్యానెళ్ల మీద పడుతోంది. వాటిని జరిపించాం.

ఇక అలర్టులు. కరెంటు పోగానే ఈ ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది, మా సోలార్ కరెంటు బయటి లైన్‌లోకి వెళ్లి అక్కడ పనిచేసేవాళ్లకి షాక్ కొట్టకూడదు కాబట్టి అలా ఉండాల్సిందే. కానీ పోయిన ప్రతిసారీ ఎర్రగా 'గ్రిడ్ లాస్' (అంటే ఇన్వర్టర్‌కి బయటి లైన్ కరెంటు అందట్లేదని) అని మోగుతుంది, చీకటి పడి ఇన్వర్టర్ ఆగితే మళ్లీ ఎర్రగా 'ఆఫ్‌లైన్'. మొదట్లో నేను డ్యూటీలో ఉండగా అమ్మ ఫోన్ చేసి "సోలార్ పాడైందంట్రా" అని టెన్షన్ పడేది, పోనుపోను ఇంట్లో ఎవరం ఆ ఎరుపుని పట్టించుకోవడం మానేశాం. అదే కొంప ముంచింది. పోయిన మే నెలలో గాలివాన రాత్రి సోలార్ ఎంసీబీ, అంటే సోలార్‌ని ఇంటి లైన్‌కి కలిపే చోట తేడా వస్తే దానంతటదే ఆగే స్విచ్, పడిపోయింది. బయటి లైన్ కరెంటుతో ఇంట్లో ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి, యాప్‌లో 'గ్రిడ్ లాస్', మామూలేలే అనుకున్నాం. నాలుగు రోజులు! రోజుకి 12 యూనిట్ల చొప్పున 48 యూనిట్ల దాకా పోయాయి, పైకెత్తితే సరిపోయే స్విచ్ కోసం.

నేను సబ్‌స్టేషన్‌లో పనిచేస్తాను. అక్కడి కంట్రోల్ ప్యానెల్‌లో ఫాల్ట్ వస్తే హూటర్ మోగి ఆ ఫాల్ట్ పేరున్న గడిలో లైట్ ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, యాక్సెప్ట్ నొక్కితే నిలకడగా వెలుగుతుంది, ఫాల్ట్ పోయి రీసెట్ చేసేదాకా ఆరదు. ఏది ఇంకా మిగిలుందో గుమ్మంలోంచే తెలిసిపోతుంది. ఈ యాప్‌లో ఒకసారి చదివిన అలర్ట్ జాబితాలో కిందకి జారిపోతుంది, అది తగ్గిందో లేదో ఎక్కడా ఉండదు. పట్టపగలు గంట దాటినా గ్రిడ్ లాస్ అలాగే ఉంటే "ఇంట్లో కరెంటు ఉందా? ఉంటే ఎంసీబీ చూడండి" అని ఒక్క ముక్క రాస్తే చాలు కదా.

మొదటి స్క్రీన్‌లో సగం చోటు ఎన్ని చెట్లు నాటినట్టో చూపించే బొమ్మకే పోయింది. అమ్మ అడిగేది ఈరోజు ఎన్ని యూనిట్లు వచ్చాయనే, ఆ అంకె ఓ మూల చిన్నగా ఉంటుంది, కళ్లజోడు పెట్టుకున్నా ఆవిడకి ఆనదు.

5కి 3 ఇస్తున్నాను. కొనేవాళ్లు ముందే డెమో అకౌంట్ అడిగి, ఏ అలర్ట్‌ని ఆ అలర్ట్‌గా ఆపుకునే సెట్టింగ్ ఉందో లేదో చూసుకోండి, మా దాంట్లో అన్నీ ఉంచాలి లేదా అన్నీ ఆపాలి.