12 గ్రాముల సీఓటూ సిలిండర్లు: ఓరుగల్లు ఎండలో, చలిలో

ఎయిర్ పిస్టల్‌కు వాడే ఈ చిన్న సిలిండర్లు ఏ కంపెనీవైనా పనితనంలో పెద్ద తేడా లేదు. తేడా అంతా వాతావరణానిదే. లోపలున్నది ద్రవరూప కార్బన్ డయాక్సైడ్. దాని ఒత్తిడి 10 డిగ్రీల దగ్గర సుమారు 45 బార్, 20 దగ్గర 57, 30 దగ్గర 72. అందుకే మధ్యాహ్నం హన్మకొండలో సరిచేసిన సైటు (గురి చూసే భాగం), జనవరి పొద్దున ఆదిలాబాద్‌లో పనికిరాదు. వేగం తగ్గి పెల్లెట్ (చిన్న గుండు) కిందికి పడుతది.

మే నెల సంగతి వేరే. 31 డిగ్రీలు దాటితే లోపల ద్రవమే మిగలదు, ఒత్తిడి పెరుగుతనే ఉంటది. కొన్ని పిస్టళ్లలో లోపలి సుత్తి దెబ్బకు గ్యాస్ వదిలే వాల్వ్ తెరుచుకోదు. ఎండలో ఆపిన కారులో సిలిండర్లు వదిలేయొద్దు, పేలొచ్చు.

గబగబా కాలిస్తే లోపలి ద్రవం ఆవిరవుతూ పిస్టల్ గ్రిప్పు చేతికే చల్లగా తగులుతది, వేగం పడిపోతది. షాటుకూ షాటుకూ మధ్య 15 సెకన్లు ఆగితే టార్గెట్ మీద రంధ్రాలు దగ్గరికొస్తయి.

ఎక్కించేటప్పుడు సిలిండర్ మెడకు ఒక్క చుక్క సిలికాన్ ఆయిల్ చాలు. తలుపు బందులకు కొట్టే స్ప్రే వద్దు, రబ్బరు వాషర్ ఉబ్బే ప్రమాదముంది. సిలిండర్‌ను పట్టి ఉంచే స్క్రూను బలమంతా పెట్టి బిగిస్తే వాషర్ నలిగి, తర్వాతి సిలిండర్ నుంచి లీకే.

సరదా సాధనకు ఇవి పర్వాలేదు. పోటీలకైతే రెగ్యులేటరున్న (ప్రతి షాటుకూ ఒత్తిడిని ఒకేలా ఉంచేది) పీసీపీ, అంటే ముందే గాలి నింపుకునే పిస్టల్, కొనుడే మేలు.