జబ్బ టేపా, తూకమా?

గుంటూరు అంగన్‌వాడీల్లోనైనా ఎక్కడైనా, పిల్లవాడు చిక్కిపోయాడా లేదా తేల్చడానికి రెండు కొలతలున్నాయి: జబ్బ చుట్టుకొలత, ఎత్తుకు తగ్గ బరువు. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో జబ్బ 115 మిల్లీమీటర్ల కంటే తక్కువుంటే తీవ్ర పోషణ లోపం, 115 నుంచి 125 లోపుంటే మధ్యస్థం. టేపుకి లెక్కలక్కర్లేదు, నేర్పిస్తే తల్లే ఇంట్లో కొలుస్తుంది. తూకానికి మిషను, ఎత్తు బల్ల, పట్టిక కావాలి. పైగా ఏడ్చే పిల్లాణ్ణి కదలకుండా పట్టుకోవాలి!

అలాగని టేపొక్కటే చాలదు. రెండు కొలతలూ ఎప్పుడూ ఒకే పిల్లల్ని పట్టుకోవు. టేపు బాగా చిన్నవాళ్లను ఎక్కువగా చూపిస్తుంది, కాస్త పెద్దవాళ్లలో కొందరు తప్పిపోతారు. పోషణ లోపం వల్ల రెండు పాదాలూ వాస్తే మాత్రం కొలతలతో పనిలేదు, అది తీవ్రమైనదే. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పెద్దవయసులో లెక్క మారుతుంది. నడుం వంగితే ఎత్తు సరిగా రాదు, కాబట్టి ఎత్తూ బరువూ కలిపి లెక్కేసే బీఎంఐని నమ్మలేం. అప్పుడు టేపు పిక్కకు చుడతారు, 31 సెంటీమీటర్ల లోపుంటే పోషణ లోపం ఉందేమోనని అనుమానించాలి. అయినా ఇక్కడ నా ఓటు తూకానికే. విజయవాడలో ఓ పెద్దాయన లావుగానే ఉన్నారు కదా అని ఇంట్లోవాళ్లు ధీమాగా ఉంటారు. షుగర్ భయంతో ఆ పెద్దాయన తిండి తగ్గించేసి ఉంటారు. ప్రయత్నించకుండానే ఆరు నెలల్లో అయిదు శాతానికి మించి, అంటే 60 కిలోల మనిషి మూడు కిలోలకు పైగా తగ్గితే, లావుగా కనిపించినా డాక్టరుకు చూపించాలి. నెలకోసారి తూచి క్యాలెండర్ మీద రాసిపెట్టండి.